తారా? కంకరా?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు పొద్దుటి నడకే పెద్ద కాలక్షేపం. వాషింగ్టన్‌ పక్కన హెర్న్‌డన్‌, యాష్‌బర్న్‌ల వైపు తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. ఆ ఊళ్లమీదుగానే వెళుతుంది ‘డబ్ల్యూ అండ్‌ ఓడీ’ ట్రయిల్‌. ఒకప్పటి రైలుమార్గమది. 1968లో రైళ్లు ఆగిపోయాయి. ఆ దారిలోనే తర్వాత దాదాపు 72 కిలోమీటర్ల పొడవునా తారుబాట వేశారు. సైకిళ్లు, స్కేటింగు బూట్లు, పసిపిల్లల తోపుడుబళ్లు, చక్రాల కుర్చీలు... అన్నీ దానిమీదే. విశేషమేంటంటే, అందులో 50 కిలోమీటర్లకు పైగా తారుకు తోడుగా కంకరబాట కూడా నడుస్తుంది. గుర్రాల కోసం వేసిందది. కాళ్లకు మెత్తగా ఉంటుందని మనుషులూ దాన్ని వదల్లేదు!

వాషింగ్టన్‌ నుంచే మరో బాట పొటోమాక్‌ నది వెంట 297 కిలోమీటర్లు సాగుతుంది. పూర్వం కంచరగాడిదలు పడవల్ని లాగుతూ నడిచిన కాలువగట్టు. 1950ల్లో దాని వెంట కార్ల రోడ్డు వేద్దామన్నారు. బాగుంటుందంటూ ‘వాషింగ్టన్‌ పోస్ట్‌’ సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్‌ ఊరుకోలేదు. తనతోపాటు నడిచి చూడమని ఆ సంపాదకులకే సవాలు విసిరాడు. 1954 మార్చిలో ఎనిమిది రోజుల నడక... చివరిదాకా నిలిచింది తొమ్మిదిమందే. పత్రిక మనసు మార్చుకుంది, 1971లో ఆ గట్టు జాతీయ చారిత్రక ఉద్యానమైంది. ఇప్పటికీ అక్కడ చాలామటుకు మట్టీ కంకరే. అందమైన బాటే. కాకపోతే గట్టి వాన పడితే బురద. కుర్రాళ్లు దూకేస్తారు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు మాత్రం ఆ బురదగుంటే అడ్డుగోడ.

అలాగని తప్పంతా కంకరది కాదు. ఏ కంకర వేశారన్నదే అసలు సంగతి. నున్నటి గులకరాళ్లయితే కాలికింద దొర్లుతాయి, చక్రాలు కూరుకుపోతాయి. క్రషర్‌లో పగలగొట్టిన సన్నరాతికి కోణాలుంటాయి కాబట్టి ముక్కకు ముక్క పట్టుకుంటుంది. దానికి రాతిపొడి చేర్చి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కిస్తే గట్టిబడుతుంది. మిజోరీ రాష్ట్రంలోని కేటీ ట్రయిల్‌ ఇలాంటిదే... సుమారు 385 కిలోమీటర్లు, చాలావరకు సున్నపురాతి పొడే. సైకిళ్లు హాయిగా వెళతాయి. సరిగ్గా వేసి, గుంతపడ్డ చోటల్లా పూడుస్తూ ఉంటే చక్రాల కుర్చీకీ పనికొస్తుంది. ఆ పూడ్చేవాళ్లు ఉండాలిగా! తారుకు మొదట్లో ఖర్చు ఎక్కువ, తర్వాత కొన్నేళ్లు బెంగుండదు... చెట్లవేళ్లు పైకి తన్ని పగులు తేలేదాకా.

ఇక మోకాళ్ల భయం. సిమెంటు మీద నడిస్తే కీళ్లు అరిగిపోతాయని పార్కుల్లో ఒకరికొకరు చెప్పుకోవడం మామూలే. పరుగులో పాదంమీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి పడుతుంది. మామూలు నడకలో అది శరీర బరువును కాస్తే మించుతుంది. పైగా నేల గట్టిదనాన్ని బట్టి కాలు తన బిగువును తానే సర్దుకుంటుంది. డెబ్భయ్యేళ్ల మనిషి అంతకన్నా భయపడాల్సింది జారి పడటానికి. వదులు కంకరా నాచుపట్టిన టైల్సూ ఆ విషయంలో ఒకదాన్ని మించినది మరొకటి.

కాలనీ పార్కుకి బాట వేయించే సంఘాలు ఈ గొడవలో ఒకవైపే ఎందుకు నిలబడాలి? చోటుంటే గట్టిబాట పక్కనే ఓ మీటరు వెడల్పున తొక్కించిన కంకర వదిలితే చాలు, తాతా మనవడూ చెరో దారిన నడుస్తారు. డబ్బు చాలకపోతే గేటు నుంచి బెంచీల దాకా, వాన వేగానికి కంకర కొట్టుకుపోయే వాలుల్లో, నీళ్లు నిలిచే పల్లంలో గట్టిబాట వేసి, మిగతాదంతా కంకర పరుచుకోవచ్చు. ఏది వేసినా నీరు పక్కకు జారేలా కాస్త వాలు పెట్టించాలి. చెట్టు మొదలు చుట్టూ మాత్రం సిమెంటు పోయనివ్వకూడదు.