వాజిద్ అలీ షాపై మోపిన నేరము

అవధ్ రాజవంశమును గూర్చి వ్రాయువారును, అనువదించువారును ఒక వాక్యమును తప్పక వ్రాయుదురు: కడపటి నవాబు వాజిద్ అలీ షా ఆటపాటలలో మునిగి రాజ్యమును పోగొట్టుకొనెనట! ఈ తీర్పు ఎవరిది? 1856 ఫిబ్రవరిలో ఆ రాజ్యమును కలుపుకొనిన కంపెనీది. దోచుకొనినవాడు వ్రాసిన పంచనామాను మనము చరిత్రయని చదువుచున్నాము.

1801లోనే వెల్లస్లీ ఒత్తిడికి లొంగి నవాబు సాదత్ అలీ ఖాన్ రాజ్యములో ఇంచుమించు సగము కంపెనీకి వదలుకొనెను. మిగిలిన సగమునకు సైన్యము కంపెనీది, చెల్లుబడి రెసిడెంటుది. వాజిద్ అలీ పుట్టినది 1822లో, గద్దెనెక్కినది 1847లో. చేతులు కట్టి నీట త్రోసి, ఈత రాదని నిందించుట ఏమి న్యాయము?

ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన ‘శతరంజ్ కే ఖిలాడీ’ని కొందరు సాక్ష్యమునకు పిలుతురు. అది చదరంగమున మునిగిన జాగీర్దారులపై విసరిన వ్యంగ్యము. కథను కచ్చేరీ దస్తావేజుగ చదువరాదు. అనువాదకులమైన మనమును ఇందు పాలు పంచుకొంటిమి. హిందీలో ‘విలాసితా’ అన్నంతనే నింద ధ్వనించును. తెలుగున విలాసము కావ్యములకు పేరు, జాబుపై చిరునామా కూడను! ఆ మాట చాలదని ‘భోగలాలస’ యని వ్రాసి, మూలములోని నిందను మరియొక మెట్టు పెంచుచున్నాము.

ఇతడు ‘అఖ్తర్’ అను పేరుతో కవిత్వము చెప్పెను. ఠుమ్రీని, కథక్‌ను పోషించుటయే కాదు, స్వయముగ అభ్యసించెను. షియా ప్రభువై యుండి రాధాకృష్ణుల కథను నాటకముగ రచించి ఆడించెను. రాజ్యము పోయిన పిదప కలకత్తా చెంత మటియాబుర్జులో మరియొక చిన్న లక్నోను నిలిపెను. 1887లో అతడు మరణించునంతవరకు అక్కడ గానము ఆగలేదు. లక్నో నాగరికతను గ్రంథస్థము చేసిన అబ్దుల్ హలీం శరర్ బాల్యము అక్కడనే గడచినది.

పొగడువారును తక్కువవారు కారు. ఆ కొలువునకు ధనమిచ్చినది రైతు కట్టిన శిస్తు. పరీఖానాలో ఆడి పాడిన స్త్రీలలో పెక్కుమంది పేర్లైనను మనకు మిగులలేదు. దీనిని దాచి ‘నవాబీ వైభవము’ అని మురియువారితో నాకు పొత్తు లేదు.

అయినను ఆ పరీఖానానుండి వచ్చినదే బేగం హజ్రత్ మహల్. నవాబు కలకత్తాలో నుండగా, 1857లో కుమారుడు బిర్జీస్ ఖద్ర్‌ను గద్దెనెక్కించి ఆంగ్లేయులతో పోరాడెను. ఓడిన పిమ్మట వారి భరణమును త్రోసిపుచ్చి నేపాళమున తలదాచుకొని, 1879లో కాఠ్మండూలో కన్నుమూసెను.