ఇంటి బడి యెవరి భారము?

కోవిడ్ మహమ్మారి మూలమున 2020 మార్చి నెలలో మూతపడిన పాఠశాలలు మరల తెఱువబడి యేండ్లు గడచినవి. ఆ వ్యాధికి సంబంధించిన అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించెను. జనులు ఆ దినములను పీడకలవలె తలచుకొని, మరల తమ పనులలో మునిగిరి. అయినను తేలని పద్దు ఒకటి మిగిలియున్నది. చూపులేని బిడ్డ, వినికిడిలేని బిడ్డ, కాలుసేతులు స్వాధీనములో లేని బిడ్డ, బుద్ధివికాసము మందగించిన బిడ్డ, వీరందఱు ఆ కాలమున ఇంటనుండి యేమి నేర్చిరి? ఎవరు నేర్పిరి? అంతకుముందు నేర్చినదానిలో ఎంత మఱచిరి? ఈ ప్రశ్నలను విచారించినవారు అరుదు.

ఇప్పుడీ విచారణ యెందులకని కొందఱడుగవచ్చును. మహమ్మారి మఱొకటి రాదని చెప్పగలవారు లేరు. అది రాకున్నను వరదలు, తుపానులు మన బడులను తఱచు మూయించుచునేయున్నవి. అంతేకాదు, ఏ యుపద్రవమును లేని దినములలో సయితము ఇంటనే చదువుకొనవలసిన బిడ్డలు మన వీథులలోనే కలరు. కావున ఇది గతించిన విషయము కాదు.

2020 మార్చి 24వ తేదీ రాత్రి లాక్‌డౌన్ ప్రకటింపబడిన పిమ్మట విద్యాశాఖలు ఒక మార్గమును కనుగొనినవి. పాఠము ఫోనులోనికిని, టెలివిజనులోనికిని ప్రవేశించెను. మే 17వ తేదీన కేంద్రప్రభుత్వము పి.ఎం. ఈ-విద్య అను కార్యక్రమమును ప్రకటించి, ఒకటవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు తరగతికొక చానెలును, అంధులకును బధిరులకును ప్రత్యేక పాఠ్యసామగ్రియు సమకూర్తుమని తెలిపెను. తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానెళ్ల ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఇవి నిరర్థకములని మేమనము. అనేకులగు బాలబాలికలకు చదువుతో సంబంధము తెగిపోకుండ ఇవియే కాపాడినవి. కాని యీ యేర్పాటులకు మూలమైన యూహ యొకటి కలదు. కుదురుగ కూర్చుండి, చూచి, విని, తనంతట తాను వ్రాసికొనగల బాలుని ఎదుట నుంచుకొనియే యివి కల్పింపబడినవి. ఆ యూహకు లోబడని బాలుని గతి యేమి?

చూపులేని బాలిక తన వ్రేలికొనలతో అక్షరమును గుర్తించును. బ్రెయిల్ లిపిలో అచ్చయిన పుస్తకము, చుక్కలు పొడుచుటకు పలకయు ములుకును, ఆ చుక్కలపై ఆమె వ్రేలిని నిలిపి దిద్దించు చేయియు ఆమెకు కావలెను. తెరమీది యుపాధ్యాయుడు 'దీనిని తీసి అక్కడ కలుపుడు' అనినపుడు ఏది, ఎక్కడ అనునది ఆమెకు తెలియదు. వినికిడిలేని బాలుడు పెదవుల కదలికను, చేతి సైగలను బట్టి మాటను గ్రహించును. సైగలతో వివరించువారు లేని పాఠము అతనికి బొమ్మలాటతో సమానము. వీథిలో ఎదురైనవారి పెదవులనో, మాస్కు కప్పివేసెను. మస్తిష్క పక్షవాతముతో పుట్టిన బిడ్డకు ఫిజియోథెరపీ విరామము లేక సాగవలెను. అది నెలలతరబడి ఆగినచో కండరములు బిగిసి, ఏండ్ల శ్రమచే నిలువ నేర్చిన బిడ్డ మరల చతికిలబడు ప్రమాదము కలదు. ఆటిజము గల పిల్లలలో చాలమందికి నిత్యక్రమమే ఆధారము. అదే వేళ, అదే దారి, అదే గది, అదే గురువు. ఒక్క రాత్రిలో ఆ క్రమమంతయు తలక్రిందులైనది. అది యేల జరిగెనో ఆ బిడ్డకు నచ్చజెప్పుట ఎవరితరము?

మేధోవైకల్యము గల బాలునికి చొక్కా గుండీ పెట్టుకొనుట యొక పాఠము. గుండీని పట్టుకొనుట, కాజాను వెదకుట, దూర్చుట, ఆవలినుండి లాగుట అని దానిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను వారములతరబడి చేయించినగాని అది పట్టువడదు. పట్టువడిన తరువాత కొన్ని నెలలు విడిచినచో జారిపోవును. బొత్తాము పెట్టుకొనలేని బిడ్డ పెద్దవాడై ఒకరిపై ఆధారపడి జీవింపవలెను. పెట్టుకొనగలిగినచో ఆ మేరకు స్వతంత్రుడగును. ఇట్టి చదువునకు పరీక్షలు లేవు, మార్కులు లేవు. అందువలననే కాబోలు, దాని నష్టమును ఎవ్వరును లెక్క వేయలేదు.

తెర చేయలేని యీ పనియంతయు తల్లిపై పడినది. గురువు, వైద్యసహాయకుడు, ఆయా, ఆటతోడు, ఈ నలుగురు చేయవలసినదానిని ఒక్క స్త్రీ వంటయింటి పనితో కలిపి నెట్టుకొని వచ్చెను. అందుకై ఆమెకు శిక్షణ నిచ్చినవారు అరుదు. బిడ్డ మోకాలిని ఎంతవఱకు వంచవచ్చునో, ఎచ్చట ఆపవలెనో ఫోనులో విని తెలిసికొనుట ఎట్లు? ఆ ఫోనైనను అందఱికిని ఉన్నదా? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమున నూటికి 24 గృహములకు మాత్రమే ఇంటర్నెట్ సౌకర్యము కలదు. గ్రామసీమలలో నూటికి 15. ఒక్క ఫోనున్న యింట అది ముందుగా ఎవరి చేతికి పోవును? పరీక్షలు వ్రాయవలసిన అన్నకు పోవును. మాట రాని తమ్మునికి రాదు. తలిదండ్రులు కఠినులు కారు. లేమి వారిచేత అట్లు చేయించినది. ఒడిశాకు చెందిన స్వాభిమాన్ అను సంస్థ 2020లో పలు రాష్ట్రములందు ఇట్టి విద్యార్థులను, తలిదండ్రులను, ఉపాధ్యాయులను కలిపి 3,627 మందిని విచారించెను. తెర చదువుల కష్టమునకు తాళలేక నూటికి 43 మంది పిల్లలు చదువే మానుకొను ఆలోచనలో నున్నట్లు ఆ విచారణయందు తేలినది.

చట్టము ఈ బిడ్డలను మఱచినదనుటకు వీలులేదు. 2009 విద్యాహక్కు చట్టమును 2012లో సవరించినపుడు, తీవ్రవైకల్యము గాని, ఒకటికి మించిన వైకల్యములు గాని గల బిడ్డకు ఇంటనుండియే విద్య నభ్యసించు హక్కు కల్పింపబడెను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొని, నూటికి 40 పాళ్లకు తక్కువగాని వైకల్యము గల బిడ్డలకు ఆఱవయేటినుండి పదునెనిమిదవయేటి వఱకు ఉచితవిద్య హక్కని నిర్ణయించెను. ఆపత్సమయములందు ఇతరులతో సమానమైన రక్షణ వీరికి కలుగవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. ఇంటి చదువనగా బడి యింటికి వచ్చుట. బిడ్డ బడికి రాలేనపుడు బడియే బిడ్డయొద్దకు నడచి రావలెననుట ఆ హక్కుయొక్క తాత్పర్యము. బిడ్డ ఇంట నున్నాడు గావున మన బాధ్యత తీరినదని అధికారులు దానికి విపరీతార్థము చెప్పికొనరాదు. పట్టికలో పేరుండి, నెలలు గడచినను గడపలోనికి గురువు అడుగు పెట్టనిచో దానికి చదువను పేరు తగదు. మహమ్మారి కాలమున ఈ విపరీతార్థము దేశమంతట అలవాటైనది. అలవాటైనదానిని వదల్చుట కష్టము. 'మీ బిడ్డకు ఇల్లే మేలు' అను మాట తలిదండ్రుల చెవిని మృదువుగా పడుచుండును. అందు వెలివేత దాగియున్నది. మహమ్మారికి ముందే, 2019లో యునెస్కో వారి నివేదిక మన దేశమున వైకల్యముగల అయిదేండ్ల పిల్లలలో మూడువంతులు ఏ విద్యాలయమునకును పోవుట లేదని తెలిపెను. అట్టిచోట ఇల్లే మేలనుట ఎంత ప్రమాదకరమో వేఱుగా చెప్పవలెనా?

తల్లికి మించిన గురువు లేదు గదా, ప్రభుత్వము ప్రతి గడపకు పోగలదా అని కొందఱందురు. తల్లి ప్రేమ గురువు నేర్పునకు బదులుగాదు. జ్వరపడిన బిడ్డకు తల్లి యున్నదని వైద్యుని మాన్పించుచున్నామా? ఇక ధనము మాట. సమగ్ర శిక్ష పథకము క్రింద ఇట్టి విద్యార్థి యొక్కనికి ఏటికి 3,500 రూపాయలు కేటాయింపబడినవి. దినమునకు పది రూపాయలైన కాదు. మన పట్టణములలో ఒక కప్పు టీ వెలకు బిడ్డ చదువు, ఉపకరణములు, చికిత్స సాగవలెనన్నమాట! ఈ మొత్తమును చూచిన పిమ్మట ధనము చాలదని చెప్పువారు, చాలునట్లు చేయుటకు ఏమి యత్నించిరో కూడ చెప్పవలెను.

మనుషులు లేరా యన్నచో, ఉన్నారు. ఉభయ తెలుగు రాష్ట్రములలో భవిత కేంద్రములు కలవు. అందలి ప్రత్యేకోపాధ్యాయులు కేంద్రమునకు వచ్చు పిల్లలకు బోధించుటయేగాక, కదలలేని పిల్లల యిండ్లకు పోయి నేర్పవలసినవారు. వీరిలో ఒప్పందపు జీతములతో ఏండ్లతరబడి పనిచేసినవారు అనేకులు. పిల్లల సంఖ్యకు వీరి సంఖ్య ఏ మూలకును చాలదు. 2021 అక్టోబరు 28వ తేదీన సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులలో పదిమంది ఇట్టి పిల్లలకొక ప్రత్యేకోపాధ్యాయుడు, పై తరగతులలో పదునైదుమంది కొకడు ఉండవలెనని తీర్పు చెప్పెను. 2025 మార్చిలో అదే న్యాయస్థానము ఉద్యోగముల సంఖ్యను నిర్ణయించి ప్రకటింపుడని రాష్ట్రములను మరల ఆజ్ఞాపింపవలసి వచ్చెను. తీర్పునకును నియామకమునకును నడుమ గడచిన యేండ్లలో ఆఱేండ్ల బిడ్డ పదేండ్ల వాడగుచున్నాడు. నేర్చుకొను ప్రాయము కార్యాలయపు దస్త్రము కొఱకు నిలువదు.

చేయవలసినది అసాధ్యము కాదు. మొదటిది, ఇంట చదువు ప్రతి బిడ్డకును వానికే తగిన పాఠప్రణాళిక వ్రాసి, దాని ప్రతిని తల్లి చేతికీయవలెను. ఈ నెలలో నేర్పవలసినవి మూడు పనులైనను చాలును. అవి స్పష్టముగ నుండవలెను. రెండవది, తలిదండ్రులకు శిక్షణ. సికింద్రాబాదున 1984లో స్థాపింపబడి, నేడు మేధోవైకల్యము గలవారి సాధికారతకై పనిచేయుచున్న జాతీయసంస్థ మన నడుమనే కలదు. అట్టిచోట పోగైన అనుభవము తేట తెలుగులో మండలములకు దిగిరావలెను. శిక్షణకు తల్లితోపాటు తండ్రియు రావలెను. బిడ్డ భారము ఇరువురిది. మూడవది, ఇంటర్నెట్‌తో పనిలేని సామగ్రి. బ్రెయిల్ పుస్తకములు, పెద్ద అక్షరముల ప్రతులు, బొమ్మల అట్టలు, వినికిడి యంత్రములకు బ్యాటరీలు బడి మూతపడకముందే ఇండ్లకు చేరియుండవలెను. నాలుగవది, ముందుచూపు. 2020 మార్చిలోనే కేంద్రప్రభుత్వము దివ్యాంగుల సహాయకులకు రాకపోకల అనుమతి నీయవలెనని సూచించెను. ఇకమీదట ఉపద్రవము వచ్చినపుడు పాలు, మందులు, రేషను సరకులతోపాటు ప్రత్యేకోపాధ్యాయుని, ఫిజియోథెరపీ నిపుణుని రాకపోకలను కూడ అత్యవసరములుగా నెంచి, తగు జాగ్రత్తలతో వారిని ఇంటికి పంపవలెను. ఈ నియమము ఇప్పుడే వ్రాసి యుంచుకొనవలెను. ఉపద్రవము వచ్చిన దినమున ఆలోచింప తీరిక యుండదు.

ప్రభుత్వమును హెచ్చరించి ఊరకుండుటతో మన కర్తవ్యము తీరదు. ఈ పంక్తులను పఠనమందిరమున చదువుచున్న పట్టణవాసులు తమ గ్రంథాలయములో చూపులేని పాఠకునికి ఏమి కలదో ఒక్కసారి కలయజూడవలెను. మెట్లు మాత్రమే యుండి, చక్రముల కుర్చీకి దారి లేనిచో ఆ గ్రంథాలయము అందఱిది కాదు. చదువుకొన్న యువకులు పాఠ్యపుస్తకములను తేటగా చదివి శబ్దలేఖనము చేసి యీయవచ్చును. పరీక్షలలో లేఖకులుగా తోడ్పడవచ్చును. వారమున కొక సాయంకాలము పొరుగు బిడ్డతో గడిపి ఆ తల్లికి గంటసేపు విశ్రాంతి కల్పింపవచ్చును. ఇందుకు చందాలు అక్కఱలేదు. అన్నిటికంటె ముందు, ఆ బిడ్డను వీథిలో చూచినపుడు కర్మఫలమని నిట్టూర్చుట మానవలెను. ఆ నిట్టూర్పుకు వెఱచియే ఎందఱో తలిదండ్రులు బిడ్డలను లోపలి గదులలో దాచుచున్నారు. దాచిన బిడ్డ పట్టికకెక్కడు. పట్టికకెక్కని బిడ్డకు గురువు రాడు.

కావున చదువరులకు మా మనవి యిది. మీ మండల విద్యాధికారిని, మీ పురపాలక సభ్యుని కలిసికొని రెండు ప్రశ్నలడుగుడు. ఇంటనుండి చదువుకొను బిడ్డలు మన మండలమున ఎందఱు? గడచిన నెలలో వారి యిండ్లకు ఉపాధ్యాయుడు ఎన్నిసార్లు పోయెను? ఈ రెంటికిని అంకెలతో జవాబు రావలెను. వచ్చువఱకు నెలనెల అడుగుచునే యుండుడు.