పేలిన ఎయిర్‌బ్యాగ్ స్థానంలో ఏం బిగిస్తున్నారు? సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ముందు ఇది చూడండి!

కోరుకొండ: రాజమండ్రి - గోకవరం రోడ్డు మీద ఓ చిన్న కారు ముందు నుంచి గుద్దుకుందనుకుందాం. బంపర్, బానెట్, రేడియేటర్.. వీటికి ఎంతవుతుందో ఏ మెకానిక్ అయినా నోటి లెక్కన చెప్పేస్తాడు. అసలు బిల్లు తేలేది స్టీరింగ్ దగ్గరే. ఎందుకంటే ఒకసారి ఓపెన్ అయిన ఎయిర్‌బ్యాగ్‌ని మళ్లీ మడిచి లోపల పెట్టడం కుదరదు. మొత్తం మార్చాల్సిందే.

పైగా మార్చాల్సింది ఆ బ్యాగ్ ఒక్కటే కాదు. గుద్దుకున్నప్పుడు సీటు బెల్టుని బిగించే ప్రీటెన్షనర్లు కూడా సాధారణంగా పేలిపోతాయి. ప్రమాదం వివరాలు ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో రికార్డయిపోతాయి కాబట్టి చాలా కార్లలో అదీ మార్చాలి. స్టీరింగ్ లోపల చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్ దెబ్బతిందేమో చూడాలి. అన్నీ కలిపితే పాత చిన్న కారుకి ఆ ఖర్చు గిట్టుబాటు కాదనిపిస్తుంది. అడ్డదారులు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఇన్సూరెన్స్ ఉందిగా అనుకుంటే పొరపాటే. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత కారుకి పైసా రాదు. కాంప్రహెన్సివ్ ఉన్నా సరే.. టైర్లు, బ్యాటరీ, ప్లాస్టిక్ భాగాలతో పాటు ఎయిర్‌బ్యాగ్‌కీ 50 శాతం తరుగుదల కోసేస్తారు. అంటే సగం ఓనరే పెట్టుకోవాలి. జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్ తీసుకున్నవాళ్లకే ఈ కోత ఉండదు. పాత కార్లకి ఆ యాడ్-ఆన్ దొరకడం కష్టం.

మరి అడ్డదారి ఎలా ఉంటుంది? కొందరు స్టీరింగ్ మీద కొత్త కవర్ మాత్రం బిగించేస్తారు, లోపల బ్యాగ్ ఉండదు. డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైట్ వెలగకుండా కనెక్టర్‌కి ఓ చిన్న రెసిస్టర్ తగిలిస్తారు. దాంతో అంతా బాగుందని కారే మోసపోతుంది. ఇంకొందరు నకిలీ సరుకు పెడతారు. ఇదేదో ఊహించి చెబుతున్న ముచ్చట కాదు. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ మాతా సుందరి రోడ్ ప్రాంతంలో పోలీసులు దాడి చేసి 921 నకిలీ ఎయిర్‌బ్యాగ్‌లు పట్టుకున్నారు. వాటి మీద 16 బ్రాండ్ల పేర్లున్నాయి. ముగ్గురు అరెస్టయ్యారు.

తుక్కు కారు నుంచి తీసింది పెట్టడం ఇంకో రకం. అది ఒరిజినలే కదా అంటారు. కానీ ఒరిజినల్ అయినా ప్రాణాలు తీసిన చరిత్ర ఉంది. జపాన్ కంపెనీ టకాటా ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేట్.. ఏళ్ల తరబడి వేడి, తేమకి పాడై, పేలినప్పుడు లోహపు ముక్కల్ని డ్రైవర్ మీదకే విసిరింది. ఒక్క అమెరికాలోనే 20 మందికి పైగా చనిపోయారు. ఆ కంపెనీ 2017 జూన్‌లో దివాలాకి వెళ్లింది. మన దేశంలోనూ హోండా 2018 జనవరిలో 22,834 కార్లను వెనక్కి పిలిచి ఇన్‌ఫ్లేటర్లు మార్చింది. వేడి, తేమ అంటే గోదావరి జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పాలా? పాత సెడాన్ కొంటున్నవాళ్లు ఛాసిస్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ పెండింగ్ ఉందేమో చూసుకోవాలి. ఉంటే కంపెనీ ఉచితంగానే మారుస్తుంది.

రూల్ సంగతి చూస్తే, 2019 జూలై 1 నుంచి తయారయ్యే ప్రతి కారుకీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఆ తర్వాత పక్క సీటుకీ వచ్చింది. బాగానే ఉంది. కానీ సొంత కారుకి రిజిస్ట్రేషన్ అయ్యాక 15 ఏళ్ల వరకు ఫిట్‌నెస్ పరీక్షే లేదు. ఈలోపు ప్రమాదం జరిగి, క్లెయిమ్ చేయకుండా బయట రిపేరు చేయిస్తే స్టీరింగ్‌లో బ్యాగ్ ఉందో లేదో అడిగే నాథుడే ఉండడు. రూల్ షోరూమ్ గేటు దగ్గరే ఆగిపోయింది.

చిన్న పరీక్ష ఒకటుంది. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టే. అసలు వెలగకపోతే అనుమానం ఇంకా ఎక్కువ. రెసిస్టర్ పెడితే మాత్రం ఇదీ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి, కొనేముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించి, ప్రమాదం రికార్డు ఉందేమో అడగడం మేలు. మార్పించేటప్పుడు పార్ట్ నంబర్ ఉన్న బిల్లు తీసుకోవాలి. పని కూడా ఇంటి దగ్గర స్పానర్‌తో చేసేది కాదు. బ్యాటరీ తీసేశాక కూడా కాసేపు కరెంటు నిల్వ ఉంటుంది, తొందరపడి ముట్టుకుంటే చేతుల్లోనే పేలొచ్చు.

అన్నట్టు, స్టీరింగ్ మధ్యలో స్టిక్కర్లు, డ్యాష్‌బోర్డు మీద పక్క సీటు ఎదురుగా దేవుడి బొమ్మలు అతికించే అలవాటు మనవాళ్లలో ఎక్కువ. బ్యాగ్ తెరుచుకోవడానికి పట్టేది సెకనులో చిన్న వంతు. అక్కడున్న బొమ్మ ఆ ఊపుతో నేరుగా ముఖం మీదకే వస్తుంది.