నేనూ ఒక దొంగ గిరాకీనే!

"షాపింగ్ చేయండి, డబ్బులు సంపాదించండి!" ఈ మెసేజి మీ వాట్సాప్ గుంపుల్లోనూ తిరిగే ఉంటుంది. మా ఆఫీసు గుంపులో ఒకాయన పెట్టగానే కింద పదిమంది "డీటెయిల్స్ ప్లీజ్" అంటూ లైను కట్టారు. ఆ పని నేను మూడుసార్లు చేశాను కాబట్టి డీటెయిల్స్ నేనే చెబుతాను. చెప్పాక తిడతాను కూడా.

మిస్టరీ షాపర్ అంటే మరేం లేదు, మామూలు కొనుగోలుదారుడిలా నటించే గూఢచారి. మా పాతబస్తీలో కొనేవాణ్ణి గిరాకీ అంటాం, అంటే వీడు దొంగ గిరాకీ అన్నమాట. తన షోరూముల్లో పని ఎలా సాగుతోందో చూడమని కంపెనీ ఒక ఏజెన్సీకి చెబుతుంది, ఏజెన్సీ మనకి చెబుతుంది. పేరు నమోదు చేసుకుంటే మన దగ్గర్లో ఉన్న పనులు చూపిస్తారు. ఒప్పుకున్నాక బోలెడు ప్రశ్నలున్న ఫారం వస్తుంది. వెళ్ళాలి, కొనాలి, బిల్లు దాచుకోవాలి. ఎన్నింటికి లోపలికెళ్ళామో, ఎంతసేపటికి పలకరించారో అన్నీ బుర్రలోనే పెట్టుకోవాలి (అక్కడే కాగితం తీసి రాస్తే దొరికిపోతాం). గడువులోగా రిపోర్టు పంపితే కొన్నదాని డబ్బు, పైన కాస్త ఫీజు, అదీ కొన్ని వారాలకి. ఆటో ఖర్చూ, రిపోర్టు రాసే గంటన్నరా లెక్కేస్తే నాకు మిగిలింది ఇరానీ చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కట్లు. దీన్ని నెలకి ముప్పైవేల ఉద్యోగమని అమ్మేవాణ్ణి నమ్మకండి.

చేరడానికి ముందు డబ్బు కట్టమన్నారా, అక్కడే ఆగిపోండి. నిజమైన ఏజెన్సీకి మనతో పని, మన డబ్బుతో కాదు. టెలిగ్రాంలో హోటళ్ళకి రేటింగులిస్తే డబ్బులన్నవాడు మొదట నూటయాభై నిజంగానే వేస్తాడు, తర్వాత డిపాజిట్ అడుగుతాడు. అది గాలానికి గుచ్చిన ఎర. మింగేశారా, సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో రకం. ముందే చెక్కు పంపిస్తారు, బ్యాంకులో వేసుకుని ఆ డబ్బుతో గిఫ్టు కార్డులు కొని నంబర్లు పంపమంటారు. చెక్కు చెల్లదని తేలేసరికి మన డబ్బు గోవిందా.

సరే, దొంగల సంగతి అది. నా గొడవ మాత్రం దొరలతో.

మాది గౌలిపుర. నా మూడో పని ఇంటికి దగ్గర్లోనే ఒక పేరున్న చెప్పుల షోరూంలో పడింది. రంజాన్ చివరి వారం, సాయంత్రం. ఆ వారంలో మదీనా నుంచి చార్మినార్ దాకా కాలు పెట్టే సందుండదు, తెలిసిందేగా. లోపల నాలుగు కుటుంబాలకి ఒక్కడే కుర్రాడు. నన్ను చూసి "దో మినట్ అన్నా, బైఠో" అన్నాడు. తర్వాత నిచ్చెనెక్కి దిగి, ఎక్కి దిగి, ఐదు జతలు తెచ్చాడు. నేను ఖరీదైనది పట్టుకుంటే గొంతు తగ్గించి "యే నక్కో లేవ్ అన్నా, బారిష్ మే ఖరాబ్ హో జాతీ" అని సగం ధరలో ఉన్నది చేతికిచ్చాడు. అంతకంటే మంచి సేల్స్‌మన్ నాకింతవరకూ తగల్లేదు.

ఇంటికొచ్చి ఫారం తెరిచాను. ముప్పై సెకన్లలో పలకరించాడా? లేదు. కంపెనీ చెప్పిన స్వాగత వాక్యం పలికాడా? లేదు. ఖరీదైన రకం కొనమని ప్రోత్సహించాడా? లేదు. సాక్సులు, పాలిష్ అంటగట్టాడా? లేదు. సిబ్బంది ఎవరైనా కూర్చుని కనిపించారా? అవును, ఖాళీ డబ్బా మీద రెండు నిమిషాలు కూర్చుని నీళ్ళు తాగాడు. బ్యాడ్జి మీద పేరు? రాశాను. ఒక్క అబద్ధం లేదు.

పండగ వెళ్ళాక చెప్పు పట్టీ ఊడితే మళ్ళీ వెళ్ళాను. కుర్రాడు గుర్తుపట్టాడు. పట్టీ సరిచేస్తూ, ఇన్సెంటివ్ కోసేశారని చెప్పాడు. "కోయీ చెకింగ్‌వాలా ఆకే గయా కతే అన్నా." నాకు నోట మాట రాలేదు. ఆ చెకింగ్‌వాలాని నేనే అని ఇప్పటికీ చెప్పలేదు.

ఒక సర్వర్ మీద నాలుగింతల లోడు పడి స్పందన ఆలస్యమైతే మా ఆఫీసులో ఏం చేస్తాం? ఇంకో సర్వర్ పెడతాం. దాని కరెంటు కోయం కదా! ఆ షోరూంలో లోపం కుర్రాడిది కాదు, పండగ వారంలో ఒక్కణ్ణే పెట్టినవాడిది. ఆ ప్రశ్న మాత్రం ఫారంలో లేదు.

తనిఖీయే వద్దనడంలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా మారువేషంలో రాత్రుళ్ళు ఈ వీధుల్లో తిరిగేవాడని మా పెద్దవాళ్ళు కథలు కథలుగా చెప్పేవారు. ఆ కథల్లో రాజు తిరిగేది జనం కష్టం తెలుసుకోడానికి, కూలివాడి మీద చాడీలు రాసుకోడానికి కాదు. 2010ల్లో మోనికా హలాన్, రేణుకా సానే ఢిల్లీ బ్యాంకు బ్రాంచీలకి మామూలు ఖాతాదారుల్లా మనుషుల్ని పంపి, పన్ను ఆదాకి ఏం కొనాలని అడిగించారు. వచ్చిన సలహాల వెనక బ్యాంకు లాభమే కనిపించింది. దొంగ గిరాకీ వెళ్ళాల్సింది అలాంటి చోటికి.

"మరి కస్టమర్ సంగతేంటి? డబ్బిచ్చి కొంటున్నాంగా!" అంటారు. నిజమే. కానీ ఆ రోజు కస్టమర్‌గా నాకు మేలు జరిగింది. నష్టపోయింది ఖరీదైన జత అమ్ముకోలేని కంపెనీ. ఆ ఫారం నా తరఫున రాసింది కాదు, నా చేత రాయించుకున్నది.

షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించుకున్నాయి. ఆ రాష్ట్రాల్లో హక్కయింది నా ఫారంలో తప్పయింది, దానికి టిక్కు పెట్టింది నేను.

ఇన్ని చెప్పినా ఈ పనిలో దిగుతానంటారా? దిగండి. కానీ ఒప్పుకునే ముందే అడగండి, ఈ రిపోర్టుతో ఎవరి జీతమైనా కోస్తారా అని. కోస్తామంటే వదిలేయండి, పోయేది చాయ్ బిస్కట్లేగా. చెప్పకపోతే, ఫారం చివర వ్యాఖ్యలకి ఒక గడి ఉంటుంది, అందులో రాయండి: "నలుగురికి ఒక్కడే ఉన్నాడు. వాడికి కుర్చీ లేదు." ఆ రోజు నా ఫారంలోనూ ఆ గడి ఉంది. నేను ఖాళీగా వదిలేశాను.