ఉరికంబం ఖాళీగా ఉన్న బొమ్మ

బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో అంకెలు కూడుతున్నవాడికి బొమ్మలతో ఏం పని అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా కాలేజీ రోజుల్లో బెంగుళూరు నవకర్ణాటక షాపులో సోవియట్ పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. అలా కొన్న ఒక ఆల్బంలోని బొమ్మ ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. ఈసారి దాని గురించే.

రష్యన్ చిత్రకారుడు వసీలీ సూరికోవ్ 1881లో పూర్తి చేసిన ఆ చిత్రం పేరు 'స్త్రెల్త్సీల మరణశిక్ష నాటి ఉదయం'. రెండు మీటర్లకు పైగా ఎత్తు, నాలుగు మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు. ఇప్పుడు మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది.

స్త్రెల్త్సీలంటే జారు చక్రవర్తుల తుపాకి భటులు. 1698లో పీటర్ చక్రవర్తి విదేశాల్లో ఉండగా వీళ్ళు తిరగబడి మాస్కో మీదికి నడిచారు. ఓడిపోయారు. పీటర్ తిరిగివచ్చి తానే విచారణ నడిపించాడు. ఆ తర్వాతి నెలల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీయించాడు. శిక్షలు ఒక్కచోట, ఒక్కరోజున జరగలేదు. సూరికోవ్ మాత్రం రెడ్ స్క్వేర్‌లో ఒక్క ఉదయాన్ని ఎంచుకున్నాడు.

వెనక సెయింట్ బాసిల్ చర్చి. తెల్లవారుజామున బురదలో బండ్లు. వాటిలో తెల్లచొక్కాలు తొడుక్కుని, చేతుల్లో వెలుగుతున్న కొవ్వొత్తులు పట్టుకున్న ఖైదీలు. చుట్టూ తల్లులు, భార్యలు, పిల్లలు. ఒకతను బండి మీద నిలబడి జనానికి వంగి దణ్ణం పెడుతున్నాడు. అతని వీపు చక్రవర్తి వైపు ఉంది. ఎర్రగడ్డం అతను కొవ్వొత్తిని పిడికిట్లో బిగించి పీటర్ వైపే చూస్తున్నాడు. కుడివైపున గుర్రం మీద పీటర్ కూడా అంతే పట్టుదలగా చూస్తున్నాడు. మధ్యలో అంత జనం ఉన్నా ఆ రెండు చూపులూ కలుసుకుంటాయి.

క్రెమ్లిన్ గోడ వెంట వరుసగా ఉరికంబాలు. అన్నీ ఖాళీ. బొమ్మ మొత్తంలో ఒక్క శవం లేదు, ఒక్క నెత్తుటి చుక్క లేదు.

దీని వెనక ఒక సంగతి ఉంది. తోటి చిత్రకారుడు రేపిన్ వచ్చి చూసి, 'ఉరితీసినవాడు ఒక్కడూ లేడేం? వెనక ఒకరిద్దర్నయినా వేలాడదీయి' అన్నాడట. అది తగదని తెలిసినా, సూరికోవ్ సుద్దతో ఒక ఆకారాన్ని గీసి చూశాడు. అంతలో గదిలోకి వచ్చిన ఆయా అది చూసి స్పృహ తప్పి పడిపోయింది. అదే రోజు వచ్చిన త్రెత్యకోవ్ కూడా, బొమ్మను పాడుచేయదలిచావా అన్నాడు. ఆకారం చెరిగిపోయింది. తనకు కావలసింది చంపడం కాదనీ, చివరి నిమిషాల గాంభీర్యమనీ సూరికోవ్ తర్వాత చెప్పుకున్నాడు. సైబీరియాలో కోసక్కుల ఇంట పుట్టిన ఆయన చిన్నతనంలోనే బహిరంగ శిక్షలు కళ్ళారా చూసినవాడు. ఎలా ఉంటుందో తెలియక మానేశాడని అనలేం.

బొమ్మకు మొదటి బీజం కూడా చిన్నదే. పట్టపగలు ఒక తెల్లచొక్కా మీద కొవ్వొత్తి వెలుగు పడటం ఆయన ఎప్పుడో చూశాడు. అది మనసులో ఉండిపోయింది. ఎర్రగడ్డం అతనికి నమూనాగా కూర్చున్నది శ్మశానంలో గోతులు తవ్వే కుజ్మా అనే మనిషి.

లెక్కల మనిషిని కాబట్టి నాకు మరొకటి తోస్తుంది. చరిత్ర పుస్తకాలు పీటర్ ఖాతాలో నౌకాదళాన్నీ, కొత్త రాజధానినీ జమ వేస్తాయి. ఈ వెయ్యిమందీ ఖర్చు కింద ఒక్క పంక్తిలో పోతారు. సూరికోవ్ ఆ పంక్తిని విప్పి, ఒక్కొక్కరికీ ఒక ముఖం, ఒక కొవ్వొత్తి, పక్కన ఏడ్చే ఒక మనిషినీ ఇచ్చాడు. అలాగని పీటర్‌ను రాక్షసుణ్ణీ చేయలేదు. 1682లో ఈ స్త్రెల్త్సీలే పదేళ్ళయినా నిండని పీటర్ కళ్ళెదుట అతని వాళ్ళను నరికారు. ఆ బాకీ కూడా ఆ చూపులో ఉంది.

ఇప్పుడు ఎక్కడ ప్రమాదం జరిగినా, ఎవరిని కొట్టి చంపినా పది నిమిషాల్లో మన ఫోన్లలోకి వచ్చేస్తుంది. టిఫిన్ తింటూ చూస్తాం, మరో నలుగురికి పంపుతాం. చూసినదాంట్లో చావు ఉంటుంది, మనిషి ఉండడు. అతని పేరేమిటి, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తున్నారు అన్నది మనకు పట్టదు. పంపే ముందు ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలావాటిని పంపబుద్ధి కాదు.

ఈ బొమ్మ దొరికితే ఇంట్లో పిల్లలకు చూపించండి. 'ఇందులో చనిపోయినవాళ్ళు ఎందరు?' అని అడగండి. వాళ్ళు మూలమూలా వెతికి, ఎవరూ లేరంటారు. అప్పుడు బతికున్నవాళ్ళను లెక్కపెట్టమనండి.