చల్లదనం కొనేముందు కొలిచి చూడండి: జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి,

మా పట్టణ గ్రంథాలయంలో పఠన మందిరానికి ఏసీలు కొనబోతున్నారని తెలిసింది. చల్లదనం కావాలి, కాదనను. మే నెల మధ్యాహ్నాలు గ్రూప్స్‌కు చదివే పిల్లలు తడి తువ్వాలు మెడకు చుట్టుకుని కూర్చుంటున్నారు. చెమటకు నోట్సులో సిరా అలుక్కుపోతోంది. ఫ్యాను తిరిగినా కప్పు దింపే వేడినే కిందికి తోస్తోంది.

అసలు చిక్కు ఆ కప్పుతోనే. దాన్ని అలాగే వదిలేసి ఏసీలు పెడితే కరెంటు బిల్లు పుస్తకాల డబ్బును తినేస్తుంది. ప్రభుత్వ భవనాలకు కూల్ రూఫ్ (ఎండ వేడిని తిప్పికొట్టే కప్పు) తప్పనిసరి చేస్తూ తెలంగాణ 2023లోనే విధానం తెచ్చింది. ఫ్యాన్లలోనూ ఆదా ఉంది: పాత ఫ్యాను సుమారు 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు.

హైదరాబాద్ పోచారంలో ఇన్ఫోసిస్ ఒకే భవనంలో సగానికి మామూలు సెంట్రల్ ఏసీ, మిగతా సగానికి శ్లాబులోని గొట్టాల్లో చన్నీళ్లు పారించే పద్ధతి పెట్టి, రెండింటి వాడకాన్నీ కొలిచింది. రెండోదానికి కరెంటు మూడో వంతు తగ్గింది. మనకూ అదే కావాలని కాదు, అలా కొలిచి చూడడం కావాలి.

టెండరుకు ముందే కప్పుకు తెల్లపూత వేయించండి, ఫ్యాన్లు మార్పించండి. ఓ వారం గదిలో వేడినీ తేమనూ కొలిపించండి. అప్పటికీ ఏసీ తప్పదంటే, కొనే ధర ఒక్కటే చూడకుండా పదేళ్ల కరెంటు, మరమ్మతుల ఖర్చు కూడా కలిపి బేరీజు వేయండి. ఆ లెక్క గ్రంథాలయం నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఎండలు ముదరకముందే, మార్చిలోగా ఇదంతా పూర్తి చేయించమని కోరుతున్నాను.

ఇట్లు,
రోజూ వచ్చే ఒక పాఠకుడు