కుజుడి రాయి, కుజ దోషం

1865 ఆగస్టు 25న బీహార్‌లోని గయ ప్రాంతంలో, షేర్‌ఘాటీ దగ్గర ఆకాశం నుంచి సుమారు 5 కిలోల రాయి పడింది. అది కుజ గ్రహం నుంచి వచ్చిందని తేలడానికి నూరేళ్లకు పైనే పట్టింది. షెర్గొటైట్లనే ఒక జాతి ఉల్కాశిలలకు ఆ ఊరి పేరే పెట్టారు.

కుజుడు ఎర్రనివాడు కాబట్టి రక్తానికీ కోపానికీ కారకుడంటుంది జ్యోతిషం. ఆ ఎరుపు కోసమే పగడం పెట్టుకోమంటారు. షేర్‌ఘాటీ రాయిలో ఎరుపే లేదు. పైన కరిగి గట్టిపడిన నల్లటి పలుచని పెంకు. లోపల మన దక్కను నల్లరాయిని పోలిన బూడిదరంగు. గ్రహశకలం ఢీకొన్న తాకిడికి గాజుగా మారిన ఖనిజపు తునకలు మధ్యమధ్య కనిపిస్తాయి. మనకు కనబడే ఎరుపు ఆ గ్రహం మీది దుమ్ములో ఉన్న ఇనుప తుప్పుది.

ఈ జాతి రాళ్లు కుజుడివేనని ఎలా చెప్పారు? 1976లో వైకింగ్ అంతరిక్ష నౌకలు అక్కడ దిగి గాలిని కొలిచాయి. 1979-80లో అంటార్కిటికాలో దొరికిన అదే జాతి రాయిలోని గాజులో చిక్కుకున్న వాయువులు ఆ కొలతలతో సరిపోయాయి.

2025 జులైలో, నైజర్ ఎడారిలో దొరికిన 24.67 కిలోల కుజ శిల న్యూయార్క్ వేలంలో 50 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇలాంటి రాయిని అమ్మేవాడి నోటిమాట మీద సేకర్తలు కొనరు. ప్రయోగశాలలో ఖనిజాలు, ఆక్సిజన్ ఐసోటోపులు పరీక్షించాలి. అధికారికంగా పేరు నమోదు కావాలంటే 20 గ్రాములో, రాయి చిన్నదైతే అయిదో వంతో ఒక సంస్థలో భద్రపరచాలి. అనుమానం వస్తే ఎవరైనా మళ్లీ పరీక్షించుకోవచ్చు.

గుప్పెడు రాయికి ఇంత రుజువు అడుగుతున్న కాలంలో, ఆడపిల్ల జీవితాన్ని తేల్చే జాతకానికి ఏ రుజువూ అడగం. మన పక్క లెక్కలో లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం, భర్తకు ప్రాణగండమంటారు. పన్నెండిళ్లలో అయిదు! ఇళ్లన్నిటికీ సమాన అవకాశం ఉందనుకుంటే నూటికి నలభైమందికి పైగా దోషులే. అది చాలదన్నట్టు చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా లెక్కిస్తారు. సంబంధం నచ్చితే మినహాయింపులు వస్తాయి: స్వక్షేత్రంలో ఉన్నాడు, ఇద్దరికీ ఉంటే దోషం పోతుంది. ఎటు తిప్పినా తప్పని తేలని మాట శాస్త్రం ఎలా అవుతుంది? ఈ మాట మీదే కుదిరిన సంబంధాలు చెడిపోతున్నాయి, అమ్మాయిలకు అరటిచెట్టుతో పెళ్లి చేస్తున్నారు. ఇది అవమానం, క్రూరత్వం.

దోషం ఉన్న ఆడవాళ్లలో ఎందరి భర్తలు ముందుగా పోయారు, లేనివాళ్లలో ఎందరి భర్తలు పోయారు? ఆ లెక్క చూపించమని పెళ్లిచూపులకు ముందే పంతులుగారిని అడగండి.